కిరాణా ఖాతా పుస్తకంలో ఉన్న పైథాన్

"అన్నా, ఫైనల్ ఇయర్‌కి వచ్చేశా. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డెఫినిషన్లు అన్నీ బట్టీ పట్టేశా. 'ఒక చిన్న క్లాస్ రాసి చూపించు' అంటే మాత్రం చెయ్యి కదలట్లేదు. ఇంట్లో డబ్బులు అడిగి ఇంకో కోచింగ్‌లో చేరనా?"

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. ఫీజు కట్టేముందు ఓ ఐదు నిమిషాలు ఇటు చూడండి.

మీ వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఉంటుంది కదా. పేజీకి పైన పేరు, కింద తీసుకున్న సరుకులు, చివర్లో బాకీ. ఎవరి పేరూ రాయని ఆ పేజీ నమూనాయే క్లాస్. సుబ్బమ్మగారి పేజీ ఒక ఆబ్జెక్ట్, రాజుగారి పేజీ ఇంకో ఆబ్జెక్ట్. అప్పు రాయడం, జమ వేయడం మెథడ్స్. అందర్నీ తికమక పెట్టే 'సెల్ఫ్' ఏంటంటారా? 'ఇప్పుడు తెరిచింది ఎవరి పేజీ?' అన్నదానికి జవాబు, అంతే.

ఆ పుస్తకంలో కొట్టాయనే రాస్తాడు, మనం చెయ్యి పెట్టం. ఇదే ఎన్‌క్యాప్సులేషన్. కాకపోతే పైథాన్ దానికి తాళం వేయదు. పేరు ముందు ఒక అండర్‌స్కోర్ పెడతారు. 'దయచేసి ముట్టుకోవద్దు' అనే బోర్డు లాంటిదన్నమాట.

ఇప్పుడు ఒక తమాషా చేద్దాం. సరుకుల కోసం ఓ ఖాళీ లిస్టుని క్లాస్ లోపలే, కానీ ఇనిట్ బయట పెట్టండి. సుబ్బమ్మగారి లిస్టులో కిలో కందిపప్పు అపెండ్ చేయండి. తర్వాత రాజుగారి లిస్టు ప్రింట్ చేయండి. అందులోనూ కందిపప్పే! పాపం, ఆయన కొట్టు మెట్లు కూడా ఎక్కలేదు. కారణం, అక్కడ ఉన్నది ఒక్కటే లిస్టు, అందరూ పంచుకుంటున్నారు. దాన్నే ఇనిట్ లోపల 'సెల్ఫ్ డాట్ సరుకులు' అని పెడితే ఎవరి జాబితా వాళ్లది. క్లాస్‌కీ ఆబ్జెక్ట్‌కీ తేడా పది డెఫినిషన్ల కంటే ఈ కందిపప్పే బాగా చెప్తుంది.

ఇక ఈ ఖాతాలన్నీ ఎక్కడ దాచాలి? డేటా స్ట్రక్చర్స్ మొదలయ్యేది ఇక్కడే. లిస్టులో పెడితే మొదటి నుంచి వెతకాలి. 10 లక్షల పేర్లుండి మనకి కావాల్సింది చివర్లో ఉంటే 10 లక్షల పోలికలు. పేర్లు అక్షర క్రమంలో ఉంటే మధ్యలో తెరిచి, అక్కర్లేని సగం వదిలేస్తూ పోవచ్చు. అప్పుడు 20 పోలికలు చాలు. డిక్షనరీ అయితే పేరు మీద హ్యాష్ లెక్క కట్టి దాదాపు నేరుగా ఆ పేజీకే వెళ్తుంది. ఊళ్లో ఇద్దరు రాజులుంటే? పేరు బదులు ఫోన్ నంబర్‌ని కీగా పెట్టండి.

కొట్టు ముందు క్యూ ఉందనుకోండి. లిస్టులో మొదటివాణ్ణి తీసేస్తే వెనకున్నవాళ్లందరూ ఒక్కో అడుగు ముందుకు జరగాలి. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని డెక్‌కి ఆ అవస్థ లేదు, రెండు వైపుల నుంచీ తేలిగ్గా తీస్తుంది.

ఇంటర్వ్యూలో 'డిక్షనరీ ఎందుకు వాడావు, లిస్టు ఎందుకు కాదు?' అని అడిగితే మీరు చెప్పాల్సింది ఈ కారణమే. అది బట్టీతో రాదు, రాసి చూస్తేనే వస్తుంది.

మరి పాఠాలు? చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ పైథాన్‌తో డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్ చెప్పిన కోర్సు ఎన్‌పీటెల్‌లో ఉంది. చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ల్యాప్‌టాప్ లేదా? గూగుల్ కోలాబ్ ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కోడ్ లైను లైనుకీ లోపల ఏం జరుగుతోందో బొమ్మల్లో చూడాలంటే పైథాన్ ట్యూటర్ ఉంది.

ఈ ఆదివారానికి హోంవర్క్: ఖాతా క్లాస్ రాయండి. అప్పు, జమ, బాకీ అని మూడు మెథడ్స్. బాకీ కంటే ఎక్కువ జమ చేస్తే ఏమవ్వాలో మీరే నిర్ణయించండి. ముప్ఫై లైన్లు దాటదు. అది ఎక్కడా చూడకుండా రాయగలిగాక, కోచింగ్ కావాలో వద్దో ఇంట్లో మాట్లాడండి.