గుడికి గున్న కావాలా, అడవికి దారి కావాలా?



వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టబోయే తీర్మానం ముసాయిదా చదివాను. అంతరించిపోతున్న ఏనుగు జాతిని కాపాడడానికి గుడి ఏనుగులకు పిల్లలు పుట్టించే కేంద్రం పెట్టమని సర్కారును అడగాలట, దానికి మన నిధిలోంచి విరాళం ఇవ్వాలట. రాసిన పెద్దల మనసు మంచిదే. మధుర మీనాక్షమ్మ గుడిలో పార్వతి తొండంతో తల మీద దీవెన పుచ్చుకోని ఇల్లు మనలో ఎన్ని ఉంటాయి? అయినా నేను ఈ తీర్మానానికి ఒప్పుకోను. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. మన గుళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ ఒంటరి ఆడ ఏనుగులు. పక్కన మగ ఏనుగు లేదు, కాన్పు చూసిన పెద్ద ఏనుగు లేదు. ఏనుగు చూలు మోసేది ఇరవై నెలలు దాటి. అడవిలో ఈనే తల్లి చుట్టూ మంద నిలబడుతుంది, గున్నను లేపి నిలబెట్టేది ఆ మందే. పైగా వయసులో ఈనని ఆడ ఏనుగుకు తర్వాత గర్భసంచిలో గడ్డలు, తిత్తులు వచ్చి చూలు నిలవడం కష్టమవుతుందని పశువైద్యులు చెబుతారు. అంటే ఇప్పుడున్న గుడి ఏనుగులతో ఈ కేంద్రం నడవదు. మరి నడవాలంటే? ఈడులో ఉన్నవాటిని ఎక్కడినుంచో తేవాలి. తీర్మానంలో ఆ 'ఎక్కడ' అన్నది లేదు.

మనకు తెలిసిన 'ఎక్కడ' ఒకటుంది. అస్సాం. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళమ్మ సన్నిధి మనవాళ్లకు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది ఆ తల్లి కథే. ఆ గుడి ఏనుగు జయమాల్యద అస్సాం నుంచి వచ్చినదే. 2021లో మేట్టుపాళయం దగ్గర తేక్కంపట్టిలో, గుడి ఏనుగుల విశ్రాంతి కోసమని పెట్టిన శిబిరంలోనే, దాన్ని చెట్టుకు కట్టి కర్రలతో కొట్టిన వీడియో మీరందరూ చూశారు. మరుసటి ఏడు అస్సాం వాళ్లు మా ఏనుగును మాకివ్వండి అన్నారు, మన రాష్ట్రం ఇవ్వలేమంది. తిరుచెందూరులో 2024 నవంబరులో గుడి ఏనుగు మావటినీ, ఆయన బంధువునూ చంపింది. తప్పు ఏనుగుదీ కాదు, పోయినవాళ్లదీ కాదు. మంద జంతువును ఒంటరిగా గొలుసుకు కట్టి ఏళ్ల తరబడి ఉంచితే ఏదో ఒక రోజు ఏదో ఒకటి జరుగుతుంది. మన పార్వతికి కంట్లో శుక్లం వస్తే థాయిలాండ్ నుంచి వైద్యులు రావలసి వచ్చింది. ఉన్న ఒక్కదాన్ని చూసుకోవడమే ఇంత పని, ఇంకా పుట్టిస్తారా?

"తెప్పకాడులో పుట్టలేదా?" అని అడుగుతారు. పుట్టాయి. మంచి ప్రశ్న, దీని దగ్గరే కాస్త ఆగాలి. ముదుమలైలో తెప్పకాడు, పొల్లాచ్చి పైన కోళికముత్తి, ఇవి కలప లాగించిన కాలం నాటి శిబిరాలు. ఏనుగు డాక్టరని పేరుపడ్డ వి. కృష్ణమూర్తి గారు బతుకంతా ఈ ఏనుగుల మధ్యే గడిపారు. ఆయనా, రామన్ సుకుమార్ గారూ మరికొందరితో కలిసి పాత శిబిరాల లెక్కలు తీసి 1997లో ఒక పత్రం అచ్చేశారు. అడవిలో కొత్తగా పట్టకపోయినా ఈ శిబిరాల ఏనుగులు తమ సంఖ్య తామే నిలుపుకోగలవని అందులో తేలింది. ఎలా? పగలు పని, రాత్రి కాలికి గొలుసుతోనే అడవిలో మేతకు వదలడం. ఆ రాత్రుల్లో అడవి మగ ఏనుగులు వచ్చి కలిసేవి. గున్నలకు తండ్రులు చాలావరకు అవే. ఆ పిల్లల్ని పుట్టించింది కేంద్రం కాదండీ, అడవి. అడవిని తీసేసి తెప్పకాడు పేరు మాత్రం గుడి మండపానికి తెస్తే ఏమొస్తుంది?

అడవి లేనిచోట ఏమవుతుందో యూరప్ జూలు చూపించాయి. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం అక్కడి జూలలో పుట్టిన ఆసియా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుష్షు 18.9 ఏళ్లు. బర్మా టేకు కూపుల్లో మానులు లాగే ఏనుగులకు 41.7. డబ్బుందీ, డాక్టర్లున్నారూ, అయినా కూలి ఏనుగు బతికినంత బతకలేదు. హెర్పిస్ జాతి వైరస్ ఒకటి గున్నల్ని ఒకటి రెండు రోజుల్లోనే తీసుకుపోతుంది, అది వేరే.

ఇక అసలు 'కాపాడడం' అంటే ఏమిటి? సుమత్రా లాంటిచోట, అడవి ఏనుగులు చాలా కొద్దిగా మిగిలినచోట, శిబిరంలో పుట్టే ప్రతి పిల్లా లెక్కలోకి వస్తుందంటే ఒప్పుకుంటాను. మన దగ్గర 2024 లెక్కలో ఒక్క తమిళనాడు అడవుల్లోనే 3,063 ఏనుగులు. మనకు కరువు ఏనుగులకు కాదు, అవి నడిచే నేలకు. మనుషుల చేతుల్లో పెరిగిన గున్నకు మనిషంటే భయం ఉండదు. దాన్ని అడవిలో వదిలితే నేరుగా మన అరటితోటకే వస్తుంది. అప్పుడు మళ్లీ కుంకీ, మత్తుసూది, లారీ.

చిత్తూరు చుట్టాలు "మాకు కుంకీలు కావద్దా" అంటున్నారు. నిజమే. 2025లో కర్ణాటక నాలుగు ఇస్తేగాని ఆంధ్రకు గతి లేకపోయింది. అది అటవీశాఖ శిబిరాల పని, ఆ శిబిరాలు సాగాలనే నేనూ అంటాను. దాన్ని గుడి ఊరేగింపుకు ముడిపెట్టకండి. 2023లో మదురై హైకోర్టు బెంచి గుళ్లూ ప్రైవేటువాళ్లూ ఇక కొత్త ఏనుగుల్ని తెచ్చుకోకూడదంది. అంతకుముందే, 2022లో, కేంద్రం చట్టం మార్చి "మతపరమైన లేదా ఇతర అవసరాల" పేరుతో పెంపుడు ఏనుగుల్ని చేతులు మార్చే దారి తెరిచింది. ఈ రెండింటి నడుమ మన తీర్మానం ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి.

ఇప్పుడు చేదు మాట. కోయంబత్తూరు చుట్టూ ఏనుగుల దారికి అడ్డం పడిన తోటల్లో, కంచెల్లో, కట్టడాల్లో మనవాళ్లవీ ఉన్నాయి. తడాగం లోయలో ఇటుక బట్టీలు మూతబడ్డప్పుడు మన ఇళ్లలోనూ ఏడుపు వినబడింది. కంచెకు దొంగ కరెంటు పెట్టేవాళ్లు, అడవిపందికని అవుట్టుకాయ పెట్టి ఏనుగు నోరు చీల్చేవాళ్లు మనకు బొత్తిగా తెలియనివాళ్లేం కాదు. 2021 నవంబరు 26 రాత్రి నవక్కరై దగ్గర రైలు కింద మూడు ఏనుగులు పోయాయి. తర్వాతనే మదుక్కరైలో పట్టాల పక్కన కెమెరాలు, హెచ్చరిక ఏర్పాటు వచ్చాయి. పుట్టిన మూడింటిని నిలబెట్టుకోలేక, ఒకదాన్ని పుట్టించడానికి చందా వేస్తామా?

కాబట్టి నా సవరణ ఇది. ఆ డబ్బు మధుకరై, తొండాముత్తూరు వైపు మన సభ్యుల తోటల్లో కరెంటు కంచెలు తీసి, చట్టం ఒప్పుకునే సోలార్ కంచె వేసుకోవడానికి సగం ఖర్చుగా ఇద్దాం. మిగిలితే పంట పోయినవాళ్ల నష్టపరిహారం అర్జీలు రాసిపెట్టడానికి ఒక మనిషిని పెడదాం. ఎవరు బలపరుస్తారో కింద పేరు రాయండి. ఎవరూ రాయకపోతే, తీర్మానానికి నేను ఒప్పుకోలేదని మినిట్స్ పుస్తకంలో ఎక్కించమని కార్యదర్శిగారికి మనవి.