సోదరీమణులతో మా మాట: క్రొత్త నర్సుకు ధైర్యము

గత మాసమున గుంటూరు ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు మాకు అందినది. ఆమె కుమార్తె నాలుగేండ్ల బి.యస్సీ. నర్సింగు ముగించి, రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, పట్టణమందలి ఒక ఆసుపత్రిలో ఉద్యోగమునకు చేరినది. చేరి మూడు మాసములే అయినది. ఒకనాటి రాత్రి వార్డులో ప్రక్కప్రక్క మంచములమీద ఒకే పేరుగల స్త్రీలిద్దరు ఉండిరి. ఒకరికై సిద్ధపరచిన సూదిమందును ఆ బాలిక రెండవవారి మంచమువద్దకు తీసికొనిపోయి, పేరు పెట్టి పిలిచినది. నిద్రమత్తులోనున్న ఆ రోగి "ఆ" యన్నది. సూది గ్రుచ్చుటకు చేయి పట్టుకొనినంతలో, పెద్దనర్సు ఒకతె చూచి, "అమ్మాయీ, కేసుషీటు సంఖ్య సరిచూచితివా?" అని ఆపినది. దైవవశమున కీడేమియు జరుగలేదు.

"అది మొదలు పిల్లకు అన్నము సహించుటలేదు. డ్యూటీకి పోవు వేళ చేతులు వణకుచున్నవి. 'నేను ఈ పనికి తగను, మానివేసెదను' అని ఏడ్చుచున్నది. వారి నాన్నగారు సంబంధములు చూచెదమనుచున్నారు. ధైర్యము చెప్పి పంపినచో రేపు నిజముగా ఒక ప్రాణము పోయెనేని ఆ పాపము నాది కాదా? వలదని ఇంట కూర్చుండబెట్టినచో నాలుగేండ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరు కాదా? ఏమి చేయుదును?" అని ఆ తల్లి అడుగుచున్నది.

మన యిండ్లనుండి ఎందరో బాలికలు ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. రెండేండ్ల ఏ.యన్.యమ్., మూడేండ్ల జి.యన్.యమ్., నాలుగేండ్ల బి.యస్సీ., ఏది చదివినను, మొదటి సంవత్సరమున ఈ భయము పొందనివారు అరుదు. కావున ఆ సోదరికి చెప్పదలచిన మాటను ఇక్కడనే అందరికిని చెప్పుచున్నాము.

ముందుగా, ఆ బాలిక పిరికిది యని తల్లిగాని తండ్రిగాని అనుకొనరాదు. క్రొత్త నర్సుకు కలుగు భయములు రెండు విధములు. రోగికి కీడు కలుగునేమో యనునది మొదటిది. ఇది చీటీని రెండుమారులు చదివించును. ఇది ఉండవలసిన భయమే. అడిగినచో నవ్వుదురేమో, కసరుదురేమో యనునది రెండవది. ఇది నోరు కట్టివేయును; తెలియనిదానిని తెలిసినట్లు చేయించును. ఆసుపత్రిలో ప్రమాదము తెచ్చునది ఈ రెండవదే. ఆ బాలికకు పోగొట్టవలసినది దీనిని మాత్రమే.

ఇక ధైర్యము ఎట్లు కలుగును? అమెరికా దేశపు నర్సింగు విదుషీమణి పెట్రీషియా బెన్నరు 1984లో ప్రకటించిన గ్రంథములో, నర్సు నైపుణ్యమును ఐదు మెట్లుగా విభజించి చూపినది. క్రొత్తది, కొంత చూచినది, పని చేయగలది, ఆరితేరినది, నిపుణురాలు అని వానిని మన మాటలలో చెప్పుకొనవచ్చును. ఒకే విధమైన పనిలో రెండు మూడేండ్లు గడచినపిమ్మట సామాన్యముగా మూడవ మెట్టు చేరుదురని ఆమె మతము. 1974లో మార్లీన్ క్రేమరు అను మరియొక విదుషి, బడిలో నేర్చినదానికిని వార్డులో కనబడుదానికిని గల అంతరమును చూచి క్రొత్త నర్సులు పొందు దిగ్భ్రమను గూర్చి ఒక గ్రంథమే వ్రాసినది. మూడు మాసముల పిల్ల తనను ఇరువదేండ్ల పెద్దనర్సుతో పోల్చుకొని "తగను" అనుట, నిన్న పొయ్యివద్దకు వచ్చిన కోడలు అత్తగారివలె పెండ్లివంట చేయలేకపోతినని ఏడ్చుట వంటిది.

పూర్వులును ఒక్కనాటిలో పెద్దపని చేసినవారు కారు. క్రిమియా యుద్ధకాలమున 1854లో ఫ్లోరెన్సు నైటింగేలు 38 మంది స్త్రీలతో స్కుటారికి పోయి సేవచేసినది. మనసులో దయ యున్న చాలదు, క్రమమైన శిక్షణ కావలెనని యెంచి, ఆమె 1860లో లండనునందు సెయింటు థామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల స్థాపింపజేసినది. మన గుంటూరికి డాక్టరు ఆనా సారా కుగ్లరు వచ్చినది 1883లో. అచట ఆమె ఆసుపత్రి తెరువబడినది 1898లో. నడుమ పదునైదేండ్లు గడచినవి.

ఇప్పుడు ఆ రాత్రి జరిగినదానిని చూతము. పొరపాటు ఎచట పుట్టినది? పేరు పిలిచి "ఆ" యనిపించుకొనుటలో పుట్టినది. నిద్రలోనున్నవారు, జ్వరతీవ్రతలో నున్నవారు, చెవులు సరిగా వినబడనివారు ఏ పేరుకైనను "ఆ" యందురు. కావున "మీరు లక్ష్మిగారా?" అని అడుగక, "అమ్మా, మీ పేరేమి?" అని వారిచేతనే చెప్పింపవలెను. పేరుతోబాటు ఆసుపత్రి నమోదు సంఖ్యనుగాని పుట్టినతేదీనిగాని చేతిపట్టీతోను కేసుషీటుతోను సరిచూడవలెను. మంచము సంఖ్యను నమ్మరాదు, మంచములు మారుచుండును. ఒకే పేరువారిద్దరున్నచో ఇద్దరి కేసుషీట్లమీదను ఎరుపుసిరాతో గురుతు పెట్టించుట మేలు.

సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన వేళ అను ఐదును ప్రతి నర్సుకును పాఠమే. వీనిని మనసులో ననుకొనక, పెదవి కదపి చెప్పుకొనుట క్రొత్తవారికి మంచిది. ఇన్సులిను, హెపారిను, పొటాషియము క్లోరైడు వంటివానిని రెండవ నర్సు చూడనిదే ఇయ్యరాదు. గాఢమైన పొటాషియము క్లోరైడును పలుచన చేయక నేరుగా నరములోనికి ఎక్కించినచో గుండె ఆగిపోవును. ఇట్టిచోట "అక్కా, ఒక్కమారు చూడుము" అనుట చిన్నతనము కాదు. ఇరువదేండ్ల అనుభవము గలవారును అట్లే అడుగుదురు.

లెక్కలు కాగితముమీద చేయవలెను. 500 మిల్లీలీటర్ల సెలైను 4 గంటలలో ఎక్కవలెను. ఆ గొట్టములో 20 చుక్కలు ఒక మిల్లీలీటరగును అనుకొందము. మొత్తము 10,000 చుక్కలు, నిమిషములు 240, కావున నిమిషమునకు సుమారు 42 చుక్కలు. ఇంట ఇట్టి లెక్కలు పది చేసినచో వార్డులో చేయి తడబడదు. అట్లే శ్వాసను అంచనా వేయక గడియారము చూచి నిండు నిమిషము లెక్కింపవలెను. విశ్రాంతిగా నున్న పెద్దవారికి అది 12 మొదలు 20 వరకు ఉండును. రోగిస్థితి చెడుచున్నదని తరచుగా ముందు తెలుపునది శ్వాసయే.

అర్ధరాత్రి డాక్టరును లేపవలసివచ్చునప్పుడు క్రొత్తపిల్లకు నోరు పెగలదు. అమెరికా నౌకాదళపు జలాంతర్గాములలో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన ఒక పద్ధతి దీనికి కలదు. ఇప్పుడేమి జరుగుచున్నది, ఇదివరకేమి జరిగినది, నేనేమి తలచుచున్నాను, తమరేమి చేయవలెనని కోరుచున్నాను, అను నాలుగు మాటలు వరుసగా చెప్పుటయే అది. "డాక్టరుగారూ, ఏడవ మంచము రోగి శ్వాస నిమిషమునకు 28 ఉన్నది. నిన్న శస్త్రచికిత్స అయినది. గంటక్రిందట శ్వాస 18 ఉండెను. స్థితి చెడుచున్నదని తలచుచున్నాను. తమరు వెంటనే వచ్చి చూడవలెను." ఈ నాలుగింటిని ముందు కాగితముపై వ్రాసికొని ఫోను తీసినచో గొంతు వణకినను మాట తప్పదు. డాక్టరు ఫోనులో చెప్పిన మందును వ్రాసికొని, తిరిగి చదివి వినిపించుటయు మరువరాదు.

పొరపాటు జరిగినను, జరుగబోయి తప్పినను దాచరాదు. దాచినచో రోగికి చేయవలసిన చికిత్స ఆలస్యమగును. అదే పొరపాటు రేపు మరియొక పిల్లచేత జరుగును. మరుసటి ఉదయమే ఆ బాలిక హెడ్డు నర్సుతో జరిగినదంతయు చెప్పి, కొన్ని వారములు పెద్దనర్సుతో కలిపి డ్యూటీ వేయుమని కోరవలెను. సహృదయురాలైన హెడ్డు నర్సు దీనిని కాదనదు. అట్లుగాక, క్రొత్తపిల్ల నొక్కదానినే రాత్రివేళ వార్డంతటికిని నిలిపి, అడిగిన తిట్టు ఆసుపత్రియైనచో, లోపము ఆ చోటిది. అప్పుడు మార్చవలసినది ఆసుపత్రిని. వృత్తిని విడువ పనిలేదు.

ఇంటివారు చేయవలసినదియు కలదు. రాత్రి డ్యూటీనుండి వచ్చిన పిల్లకు చీకటిగది, నిశ్శబ్దము, నిద్ర కావలెను. పగలు నిద్రించుచున్నదని ఇరుగుపొరుగు అనినచో తల్లియే సమాధానము చెప్పవలెను. నిద్రలేని కంటికి చీటీమీది అక్షరము సరిగా కనబడదు గదా! ఆమె చెప్పుకొనునప్పుడు "నీవేల అట్లు చేసితివి?" అనక వినవలెను. రోగుల సంగతులను ఇల్లు దాటనీయరాదు.

అమ్మా, మీ ప్రశ్నకు మా యుత్తరమిది. భయపడిన వారములో ఏ నిర్ణయమును చేయకుడు. పెద్దనర్సు తోడుతో మూడు మాసములు, పిదప మరి మూడు మాసములు గడువనిండు. అప్పటికిని ఆమె మనసు ఒప్పనిచో మానుటలో అవమానము లేదు. ఆ మాట ఆమెయే చెప్పవలెను. వారి నాన్నగారితో, సంబంధములు ఆరు మాసములు ఆగినను పోవని మామాటగా చెప్పుడు. పాపమును గూర్చి మీరు అడిగితిరి. ఒక్కమారు తప్పబోయి, ఆ రాత్రిని మరువక, ఇకమీదట ప్రతి చేతిపట్టీని చదివి మందిచ్చు నర్సు చేతిలో మా యింటి రోగిని ఉంచుటకు మేము సందేహింపము.

ఆరు మాసములు గడచినపిమ్మట అమ్మాయి ఎట్లున్నదో వ్రాయగోరెదము. నర్సులైన మన పాఠకురాండ్రును తమ మొదటి యేటి అనుభవములను, ఊరును పేరును తెలుపకుండనైనను, మాకు వ్రాసి పంపినచో ఈ పుటలలో సంతోషముతో ప్రకటింతుము.