నెత్తురు చుక్కను చదివే డాక్టరు

బాలలారా! మా భట్టిప్రోలు స్తూపం సంగతి మీలో కొందరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర ఆ దిబ్బను తవ్వించాడు. లోపల రాతి పేటికలు దొరికాయి. వాటిమీద ఏవో గీతలు చెక్కి ఉన్నాయి. మామూలు కళ్ళకు అవి ఉత్త గీతలే. కాని పాత లిపులు ఎరిగిన బ్యూలర్ పండితుడు వాటిని చదివాడు. కుబీరకుడు అనే రాజు పేరు బయటపడింది!

మన ఒంట్లో కూడా ఇలాంటి రాత ఒకటి ఉన్నది. దాన్ని చదివే డాక్టరును పాథాలజిస్టు అంటారు. చాలాసార్లు ఆయన రోగి ముఖమైనా చూడడు. అయినా, వచ్చిన జబ్బు ఏమిటో తేల్చి చెప్పేది తరచు ఆయనే.

ఎలాగంటారా? ఆస్పత్రిలో మీ నెత్తురు తీశారనుకోండి. ఒక చుక్కను గాజుపలక మీద పలుచగా పూసి, ఆరబెట్టి, రంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రకణాలు గుండ్రని బిళ్ళల్లా కనిపిస్తాయి. వాటి మధ్య అక్కడక్కడ, లోపల ఊదారంగు గింజలాంటిది ఉన్న తెల్లకణాలుంటాయి. ఎర్రకణాలు చిన్నవై వెలవెలబోతూ ఉంటే, ఒంట్లో ఇనుము చాలలేదేమోనని పాథాలజిస్టు అనుమానిస్తాడు. ఎర్రకణంలో సన్నని ఉంగరం కనిపిస్తే, అది మలేరియా క్రిమి!

ఒంట్లో గడ్డ లేస్తే, అందులోంచి చిన్న ముక్క తీసి పంపుతారు. దాన్ని ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనంలో గట్టిపరచి, వెంట్రుకకన్న ఎంతో పలుచని పొరలుగా కోసి, రంగువేసి చూస్తారు. గడ్డలన్నీ కాన్సరు కావు. ఏది అవునో, ఏది కాదో ఆ పొర చెబుతుంది.

పిల్లలకు కూడా కాన్సరు వస్తుందా? అరుదుగా వస్తుంది. అందులో ఎక్కువగా కనిపించేది లుకేమియా, అనగా నెత్తురు కాన్సరు. నెత్తురు కణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ఈ జబ్బులో, పక్వానికి రాని తెల్లకణాలు అక్కడ విపరీతంగా పెరిగిపోతాయి. చేలో కలుపు పెరిగితే వరికి చోటుండదు గదా! అలాగే మంచి కణాలకు చోటు చాలదు. బిడ్డ పాలిపోతాడు, జ్వరం వదలదు, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు పడతాయి.

1947 నాటికి ఈ జబ్బుకు సరైన మందు లేదు. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవాడు. జబ్బు పేరు చెప్పి ఆయన ఊరుకోలేదు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ ఇస్తే చెడ్డ కణాలు మరింత పెరుగుతున్నట్టు ఆయనకు తోచింది. మరి ఆ విటమిన్‌కు అడ్డుపడే మందు ఇస్తేనో?

ఆ మందు ఎవరి దగ్గరనుంచి వచ్చిందో తెలుసా? 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గరనుంచి! ఆయన అప్పుడు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడుపుతున్నారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, వాళ్ళ నెత్తురును, మూలుగను మళ్ళీ మళ్ళీ పరీక్షించాడు. 10 మందిలో గుణం కనిపించింది. ఆ గుణం కొద్దికాలమే నిలిచింది. అయినా దారి దొరికింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకు తమ్ముడివంటి మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. ఈనాడు సకాలంలో మంచి వైద్యం అందితే, లుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి నయమవుతున్నది.

తల్లిదండ్రులకు ఒక మాట. జ్వరాలన్నీ లుకేమియా కావు, హడలిపోకండి. కాని జ్వరం వారాల తరబడి వదలక, బిడ్డ పాలిపోతూ ఉంటే, సీసాల కొద్దీ బలం మందులు తాగిస్తూ కూర్చోకండి. డాక్టరుకు చూపించి నెత్తురు పరీక్ష చేయించండి.

పిల్లలూ, మీకూ ఒక మాట. ఈ వైద్యం జరిగేటప్పుడు జుట్టు రాలిపోవచ్చు. తరువాత మళ్ళీ వస్తుంది. ఈ జబ్బు అంటుకునేది కాదు. మీ తరగతిలో ఎవరైనా అలా బోడితలతో బడికి తిరిగి వస్తే నవ్వకండి, దూరంగా జరగకండి. వాడు రాని రోజుల్లో చెప్పిన పాఠాల నోట్సు రాసిపెట్టి ఉంచండి.