పూడిన పాయలు, తరంగాల సాక్ష్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుందని మనం చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. అయితే నది నేడు పారుతున్న దారి దాని మొదటి దారి కాదు. యుగాలుగా నదులు దారులు మార్చుకుంటూ వచ్చాయి. విడిచిన పాయల్లో ఇసుక మిగిలింది. దానిపై బంకమట్టి పేరుకున్నది. నది తెచ్చిన ఇసుక కొంత సముద్రగర్భంలోని కాలువల వెంట సాగి అక్కడ కూడా పూడింది. ఆ ఇసుక రేణువుల సందుల్లో చమురు, సహజవాయువు చేరితే, పైనున్న బంకమట్టి మూతవలె వాటిని పట్టి ఉంచుతుంది.

కంటికి కనబడని ఈ పాయలను శాస్త్రజ్ఞులు సైస్మిక్ సర్వేతో వెదకుతారు. పైనుండి పంపిన తరంగం ఇసుక, మట్టి కలిసే చోట కొంత వెనుకకు మరలుతుంది. అది తిరిగివచ్చిన కాలాన్నీ, దాని బలాన్నీ బట్టి లోపలి పొరల చిత్రం గీస్తారు. కిలోమీటర్ల ఎడంతో గీతల వెంట సర్వే చేసిన రోజుల్లో సన్నని పాయ రెండు గీతల నడుమ తప్పిపోయేది. దగ్గర దగ్గరగా కొలిచే త్రిపరిమాణ సర్వే వచ్చాక, భూమిని అడ్డంగా కోసి చూసినట్లు పాయ వంకరలు కనిపిస్తున్నాయి.

ఇది గొప్ప విజయమే. కాని చిత్రాన్ని చూసి నిధిని లెక్కించరాదని మా అభిప్రాయం. వాయువు నిండిన ఇసుక నుండి తరంగం బలంగా మరలవచ్చు. నీటిలో కలిసిన స్వల్ప వాయువు కూడా అటువంటి సంకేతమే ఇవ్వవచ్చు. పాయలో ఇసుకకు బదులు బంకమట్టే ఉండవచ్చు. తుది మాట చెప్పవలసింది బావియే.

బంగాళాఖాతంలో, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి-6 బ్లాకులో 2002లో కనుగొన్న డి1, డి3 క్షేత్రాలు ఇటువంటి సముద్రగర్భ పాయల ఇసుకలోనివే. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. దినానికి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని ఆశించారు. అంత ఎన్నడూ రాలేదు. క్షీణించి క్షీణించి 2020 ఫిబ్రవరిలో నిలిచిపోయింది. భూగర్భం అనుకున్నదానికంటే జటిలమని నిర్వాహకులు, తగినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వ పక్షం వాదించారు. ఆ బ్లాకులోనే ఇతర క్షేత్రాలు తరువాత ఉత్పత్తిలోకి వచ్చిన మాట నిజమే. కాని తొలి ఆశను నమ్మి కట్టిన విద్యుత్కేంద్రాలు ఏళ్ల తరబడి ఇంధనం లేక మూలపడ్డాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరకే పుట్టలేదు.

ఈ తప్పుకు మందు సర్వేలు మానడం కాదు. వాటిని శంకతో, నిజాయితీతో చదవగల వారిని తయారు చేయడం. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961 నుండి హైదరాబాదులో ఉన్నది. మన విద్యార్థులు మాత్రం తరంగాలను పరీక్ష కోసమే చదివి మరచిపోతున్నారు. ఏటా ఒక భూభౌతిక శాస్త్రజ్ఞుని ఉపన్యాసం ఉర్దూలోనూ తెలుగులోనూ అందేటట్లు ఏర్పాటు చేయవలసిందిగా కమిటీ పెద్దలకు మా విన్నపం. మన కాళ్ల కింది నదిని చదవడం మన పిల్లలకూ రావాలి.