మెదడులో కబురు అందకపోతే

కిందటి నెల పక్షవాతం గురించి వ్రాసిన మీదట ఒక పాఠకురాలి వద్దనుంచి ఉత్తరం వచ్చింది. ఆమె మామగారికి నలభై అయిదో ఏట చేతివేళ్లు వాటంతట అవే ఆడడం మొదలైందట. తరువాత నడక తూలింది. శాంతమూర్తి అని పేరున్న మనిషి చీటికీ మాటికీ మండిపడసాగారు. చుట్టుపక్కలవారు తాగుడన్నారు. పదిహేనేళ్లు బాధపడి పోయారు. ఇప్పుడు బావగారికి అవే లక్షణాలు కనబడుతున్నవి. మా అత్తమామలది మేనరికం, దానివల్ల వచ్చిందా, మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము, ఈ మాట బయటపెట్టవద్దని ఇంట్లో అంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు.

మనిషిని చూడకుండా రోగానికి పేరు పెట్టడం తగదు. అయితే ఇట్లాంటి ఉత్తరం చదివితే ముందుగా తోచేది హంటింగ్టన్ వ్యాధి. కాబట్టి ఈ నెల దాన్ని గురించే వ్రాస్తాను.

1872లో జార్జి హంటింగ్టన్ అనే ఇరవై రెండేళ్ల అమెరికన్ వైద్యుడు దీనిని వర్ణించాడు. అతని తండ్రీ, తాతా కూడా లాంగ్ ఐలండులో వైద్యులే. ఇంటివైద్యులు తరతరాలుగా అవే కుటుంబాలను చూస్తూ వచ్చారు గనుక, తండ్రికి వచ్చినది కొడుక్కి రావడమూ, తప్పించుకున్నవాని సంతానానికి మళ్లీ రాకపోవడమూ అతనికి తెలిసివచ్చింది. ఇంటివైద్యుడనే వాడే కరువైన ఈ రోజుల్లో ఇది ఎవరి కంట పడేదో!

మేనరికం సంగతి ముందు తేల్చాలి. మేనరికంలో ఎక్కువగా బయటపడే జబ్బులకు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, చెడిన జన్యువులు రెండూ కలవాలి. ఈ వ్యాధికి ఒక్కటి చాలు. జబ్బున్న వారి ప్రతి బిడ్డకూ, ఆడగాని మగగాని, సగం అవకాశం. అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడికి రాదని లెక్క కట్టడానికి వీలులేదు. పాపం, ఆ అత్తమామల మేనరికానికి ఇందులో దోషమేమీ లేదు.

చెడేది నాలుగో క్రోమోసోము మీది ఒక జన్యువు. అందులో సి.ఏ.జి. అనే మూడక్షరాల ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. 40 సార్లు, అంతకు పైన ఉంటే ఆయుర్దాయం ఉన్నవారికి జబ్బు తప్పదు. 36 నుంచి 39 దాకా రావచ్చు, రాకపోవచ్చు.

ఇక మెదడులో జరిగేదేమిటి? కణాలు చచ్చిపోతాయని అందరూ అంటారు. నిజమే గాని, చావు చివరి అంకం. అంతకు ఏళ్ల ముందే కణాల మధ్య కబుర్లు తప్పుతవి.

మెదడు పైపొరలోని కణాలు లోతున ఉన్న స్ట్రయేటమ్ అనే భాగానికి గ్లుటమేట్ అనే రసాయనం ద్వారా కబురు పంపుతవి. కణానికీ కణానికీ నడుమ సన్నని సందు ఉంటుంది. కబురు అందగానే మిగిలిపోయిన గ్లుటమేట్‌ను పక్కనున్న సహాయక కణాలు ఊడ్చివేయాలి. ఈ జన్యువు పెట్టిన ఎలుకలలో చూస్తే ఆ ఊడ్పు సరిగా సాగడం లేదు. గ్లుటమేట్ పక్కలకు పొర్లి, తట్టకూడని తలుపులు తడుతుంది. కణంలోకి కాల్షియం అతిగా జొరబడుతుంది. ఒకసారి పిలిస్తే పలికే మనిషిని పగలూ రాత్రీ పిలుస్తూ కూర్చుంటే ఏమవుతాడో, కణమూ అంతే.

మరొకటి కూడా ఉన్నది. పైపొర కణాలు కబురుతోబాటు బి.డి.ఎన్.ఎఫ్. అనే పోషక ప్రోటీనును కిందికి పంపుతవి. స్ట్రయేటమ్ చాలామట్టుకు దాని మీదనే ఆధారపడి బతుకుతుంది. మంచి జన్యువు చేసే ప్రోటీను ఆ సరుకు రవాణాకు తోడ్పడుతుంది. చెడినప్పుడు రవాణా మందగిస్తుంది. ఇంటినుంచి బియ్యం మూట రావడం తగ్గిన హాస్టలు కుర్రవాడిలాగా ఆ కణాలు నీరసిస్తవి.

అందులోనూ కదలికను అణచిపెట్టే దారిలోని కణాలు ముందుగా దెబ్బతింటవి. పగ్గం తెగిన ఎద్దులాగా చేతులూ ముఖమూ వాటి ఇష్టం వచ్చినట్లు ఆడడం అందుకే. కదలమనే దారి కూడా పోయాక ఒళ్లు బిగుసుకుపోతుంది. కోపతాపాలను అదుపులో పెట్టే కబుర్లూ ఈ స్ట్రయేటమ్ మీదుగానే నడుస్తవి. మామగారు మండిపడింది ఈ వ్యాధి వల్లనే అయితే, అది ఆయన గుణం కాదు.

నాన్సీ వెక్స్‌లర్ అనే శాస్త్రజ్ఞురాలి తల్లి 1978లో ఈ జబ్బుతోనే పోయింది. మరుసటి సంవత్సరం నుంచి ఆమె వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ జబ్బు నిండిన గ్రామాలకు వెళ్లి వంశవృక్షాలు వ్రాసుకుని, రక్తం సేకరించింది. ఆ రక్తంతోనే 1983లో జన్యువు ఉన్న చోటూ, 1993లో జన్యువూ దొరికినవి. పరీక్ష వచ్చింది. ఆమె మటుకు చేయించుకోలేదు. 2020లో తనకూ జబ్బు ఉన్నదని లోకానికి చెప్పింది. అంత తెలిసినామెకే ఆ కాగితం చూడడానికి మనసొప్పలేదంటే, తక్కినవారిని తొందరపెట్టడానికి మనమెవరం?

ఇక సోదరి ప్రశ్న. ముందు పరీక్ష బావగారికి. బెంగుళూరు నిమ్‌హాన్స్ వంటి చోట నరాల వైద్యులు జన్యుపరీక్ష చేయించి, అర్థమయ్యేట్లు చెబుతారు. ఈ జబ్బేనని తేలితే ఆమె భర్తకు సగం అవకాశం, అమ్మాయికి అందులో సగం. భర్తకు లేకపోతే అమ్మాయికి దిగులే లేదు. కాని చేయించుకోవడం, మానడం ఆయన ఇష్టం. అమ్మాయి విషయం అమ్మాయి ఇష్టం.

సంబంధాల దగ్గర దాచమనే పెద్దలతో నేను ఏకీభవించలేను. అసలు అమ్మాయికే ఇంకా చెప్పలేదని ఉత్తరాన్ని బట్టి తోస్తున్నది. వరుని వారికన్న ముందు వినవలసినది ఆమె. వినిన తరువాత పెళ్లి మాట ఎత్తండి. జన్యువు చూసి పిండాన్ని ఎన్నుకునే పద్ధతి నేడున్నది గనుక, పిల్లల ఆశ వదులుకోనక్కరలేదు.

జబ్బును ఆపే మందు ఇంకా వైద్యుల చేతికి రాలేదు. టెట్రాబెనజీన్ డోపమైన్ అనే మరొక రసాయనాన్ని తగ్గించి చేతుల ఆటను నెమ్మదింపజేస్తుంది. అయితే దిగులు పుట్టించవచ్చు, ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. ఒళ్లు త్వరగా తగ్గిపోతుంది గనుక నెయ్యి, పెరుగు ధారాళంగా పెట్టండి. అన్నం మెత్తగా కలపండి. తినేటప్పుడు మాట్లాడించకండి, పొలమారుతుంది. వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు మామగారి పాత చీటీలు ఏమైనా ఉంటే వెంట తీసుకువెళ్లండి.