చూడ్డానికి వస్తున్నారా... ముందు కబురు పెట్టండి!

పెళ్లి గురువారం రాత్రి. రిసెప్షన్ శనివారం సాయంత్రం. మధ్యలో శుక్రవారమంతా ఖాళీ. పుణె నుంచి వచ్చిన మగపెళ్లివారిలో ముగ్గురికి పాత బొమ్మలన్నా, పాత సామానన్నా ప్రాణం. 'హైదరాబాద్ వచ్చి సాలార్‌జంగ్ చూడకుండా వెళ్తామా!' అని టికెట్లు కొన్న రోజు నుంచీ అంటూనే ఉన్నారు. పెళ్లికూతురి బాబాయి హుషారుగా శుక్రవారం పొద్దున్నే వ్యాను మాట్లాడాడు. ముగ్గురికోసం మాట్లాడిన వ్యానులో పదిహేను మంది ఎక్కేశారు. తీరా వెళ్తే... గేటుకి తాళం!

'ఇంత దూరం వచ్చాం, ఎవరికైనా ఫోన్ చేస్తే తీయరా బావగారూ?' అన్నారు వియ్యంకుడు. ఆయన ఏం చెబుతారు, పాపం!

ఇది ఏ ఇంట్లోనైనా జరిగేదే. ఢిల్లీలో నేషనల్ మ్యూజియానికి సోమవారం సెలవు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్‌కి శుక్రవారం. ఈ ఒక్క ముక్క తెలియక ఖాళీగా ఉన్న ఒక్క రోజూ వృథా చేసుకునేవారు ఎందరో. వేళలు మారుతుంటాయి కూడా. అందుకే ముందురోజు ఒక్క ఫోన్ చేయడం మేలు.

అసలు పొరపాటు సెలవు దగ్గర కాదు, వ్యాను దగ్గర జరిగింది. కళాఖండాలు చూడటం అందరికీ ఇష్టమైన పని కాదు. రానివారిని మొహమాటపెట్టి తీసుకెళ్తే అరగంటకే కాళ్లు నొప్పులంటారు. వాళ్లకోసం ఇష్టమున్నవాళ్లు కూడా పరుగులు పెట్టాల్సి వస్తుంది. 'వచ్చేవాళ్లు రావచ్చు, లేనివాళ్లు లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కోవచ్చు' అని ముందే చెబితే ఎవరికీ బాధ ఉండదు. చార్మినార్, సాలార్‌జంగ్ దగ్గర దగ్గరే. మధ్యాహ్నం భోజనానికి అంతా ఒకచోట కలుసుకోవచ్చు.

ఇక చూసేది ఎంచుకోవాలి. సాలార్‌జంగ్‌లో 40 దాకా గ్యాలరీలున్నాయి. ఒక పూటలో అన్నీ చూడాలనుకుంటే ఒక్కటీ గుర్తుండదు. 'ముసుగు రెబెకా' శిల్పం, ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెటాగా కనిపించే చెక్క బొమ్మ, గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం... ఇవి పిల్లలకీ పెద్దలకీ సరిపోతాయి. అసలైన అభిరుచి ఉన్నవాళ్లు బిద్రీ సామాను దగ్గరో, దక్కనీ సూక్ష్మ చిత్రాల దగ్గరో ఆగిపోతారు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే ఆ పనితనాన్ని చూడ్డానికే గంట పడుతుంది. వాళ్లని తొందరపెట్టకూడదు. దగ్గర్లోనే ఉన్న పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా ఉంది. పొడవు 176 అడుగులు! లాడ్‌బజార్‌కి వెళ్లినవాళ్లని సైతం అది రప్పిస్తుంది.

మ్యూజియం సరే. ఎవరో ఒకరు జీవితాంతం పోగుచేసుకున్న సేకరణ చూడాలంటే? అది వేరే సంగతి. దోమలగూడలోని జగదీశ్, కమలా మిత్తల్ భారతీయ కళా మ్యూజియమే చూడండి. శాంతినికేతన్‌లో చదువుకున్న జగదీశ్ మిత్తల్ 1951 ప్రాంతంలో హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. స్వయంగా చిత్రకారుడు. ఆయన, భార్య కమల కలిసి చిత్రాలు, బిద్రీ, వస్త్రాలు, లోహపు పనితనం ఒక్కొక్కటిగా ఏరి తెచ్చారు. అమ్ముకోకుండా 1976లో ట్రస్టు ఏర్పాటుచేసి అంతా దానికే ఇచ్చేశారు. 2015లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దక్కన్ సుల్తానుల కళపై జరిగిన ప్రదర్శనకీ ఇక్కడి వస్తువులు వెళ్లాయి. మిత్తల్ 2025లో కన్నుమూశారు.

ఇలాంటిచోటికి టికెట్ కొని వెళ్లడం కుదరదు. ముందుగా ఉత్తరమో మెయిలో రాయాలి. ఎవరు వస్తున్నారు, ఎంతమంది, ఏం చూడాలనుకుంటున్నారు... మూడూ చెప్పాలి. అనుమతి వచ్చాకే మిగతా కార్యక్రమం వేసుకోవాలి. కాదంటే నొచ్చుకోకూడదు. నలుగురని చెప్పి పద్నాలుగు మందితో దిగకూడదు. సంచులు బయటే పెట్టాలి. అడగకుండా ఫొటో తీయకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. 'ఇది ఇప్పుడెంత చేస్తుందండీ?' అన్న ప్రశ్న మాత్రం అస్సలు వద్దు!

ఇన్ని నియమాలెందుకంటారా? కాగితం మీద గీసిన పాత బొమ్మకి ఒక్క తడి వేలు చాలు. ఒకసారి నొచ్చుకున్న యజమాని తలుపు వేసుకుంటే, నష్టం వ్యానులో వచ్చినవారికి కాదు. రేపు ఎక్కడినుంచో ఆశగా రాసే విద్యార్థికి!

ఆ మాటకొస్తే సాలార్‌జంగ్ కూడా ఒకరి ఇల్లే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. సంపాదనంతా వస్తువుల మీదే పెట్టారు. 1949లో ఆయన పోయాక, ఆయన నివాసం దివాన్ దేవ్‌డీలోనే 1951లో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనానికి మారింది. ఇంటి తలుపు తీయబట్టే ఊరంతటికీ దక్కింది.

ఇంతకీ ఆ ముగ్గురూ శనివారం పొద్దున్నే ఆటోలో మళ్లీ వెళ్లారు. మిగతావాళ్లు కల్యాణమండపంలోనే నిద్రపోయారు. మధ్యాహ్నం దాకా ఒక్క బిద్రీ హుక్కా బుడ్డి చుట్టూనే తిరిగారట. రిసెప్షన్‌కి గంట ఆలస్యంగా వచ్చినా వియ్యపురాలు ఏమీ అనలేదు. 'మళ్లీసారి నన్నూ తీసుకెళ్లండి... శుక్రవారం మాత్రం కాదు' అంది!