తరుముట కూడా వేటయే

పులికాట్ సరస్సు మీద రాజహంసల గుంపు ఒక్కసారిగా రెక్కలు విప్పి లేచిన ఛాయాచిత్రం చూచినప్పుడు మనమందరమూ "ఆహా" అంటాము. ఎరుపు నలుపుల రెక్కల బారు, క్రింద మెరిసే నీరు. ప్రతి శీతకాలమూ ఇటువంటివి పదుల కొద్దీ వస్తాయి, బహుమతులు కూడా పొందుతాయి. ఆ పక్షులు ఎందుకు లేచినవని మాత్రం ఎవరూ అడుగరు. నేను అడుగుతున్నాను.

సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద జనవరిలో ఒక ఉదయం నిలబడి చూడండి. గద్ద వచ్చినా గుంపు లేస్తుంది, మేత తరిగినా చోటు మారుస్తుంది, కాదనను. కాని గట్టు మీద కెమెరా బిగించుకొని, వెంట వచ్చిన కుర్రవానిని "కాస్త ముందుకు పోయి చప్పట్లు కొట్టరా" అని బురదలోకి పంపిన పెద్దమనుషులను నేను కన్నులారా చూచాను. హారన్ మ్రోగించేవారు, నీరు తీసిన నేల మీదికి కారు దింపేవారు వేరే. తీరా ఆ చిత్రానికి పెట్టే పేరు ఏమిటయ్యా అంటే, "స్వేచ్ఛ"! మాటకు ఇంతకంటె అపచారం ఉంటుందా? ప్రాణభయంతో పరుగెత్తేవానిని చూచి నాట్యమాడుతున్నాడన్నట్లుంది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే పదానికి ఇచ్చిన నిర్వచనాన్ని వీరు ఒకసారి చదివితే బాగుండును. చంపుట, పట్టుట మాత్రమే కాదు. తరుముట, ఎరవేయుట, అందుకు చేసే ప్రయత్నము కూడా అందులో చేరినవి. చప్పట్ల విషయంలో న్యాయస్థానం ఏమంటుందో న్యాయవాదులు తేల్చుకొందురు గాక. నిఘంటువులతో జీవితం గడిపినవాడిని గనుక నాకు మాటల అర్థం చాలు. పైగా మన వైపు పులికాట్ 1976 నుండి అభయారణ్యం. అభయమన్న మాట ఆ పేరులోనే ఉన్నది కదా!

"ఒక్కసారి లేపితే ఏమి పోయింది?" అంటారు. రాజహంస మేత తినే తీరు ఎప్పుడైనా నిదానించి చూచారా? మోకాలి లోతు నీటిలో నిలిచి, తలను తలక్రిందులుగా ముంచి, బురదనీటిని ముక్కులోనికి లాగి, వడగట్టి, నాచునూ సన్నని పురుగులనూ ఏరుకొంటుంది. దాని రెక్కల ఎరుపు కూడా ఆ తిండి నుండి వచ్చినదే. గంటల తరబడి సాగవలసిన పని అది. లేవవలెనంటే అంత పెద్ద పక్షి నీటి మీద కొన్ని అడుగులు పరుగెత్తాలి. ఇక ఉల్లంకుల వంటి చిన్నవాని సంగతి చెప్పనే అక్కరలేదు. లిటిల్ స్టింట్ అనే పిట్ట బరువు సుమారు 25 గ్రాములు. వేసవిలో ఉత్తర ధ్రువ ప్రాంతపు మైదానాలలో గ్రుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరానికి వస్తుంది. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. మీరు లేపిన ప్రతిసారీ ఆ మూటలో నుండి కొంత తీసి ఖర్చు పెట్టిస్తున్నారన్నమాట.

"మా ఫోటోల వల్లనే జనానికి పక్షుల మీద ప్రేమ పుడుతున్నది" అన్నది రెండవ వాదం. ఇది సగం నిజం. కాని పొరుగున తమిళనాట వేదాంతాంగళ్ రైతులు 18వ శతాబ్దం చివరనే, తమ చెరువు పక్షులను కాల్చుతున్న తెల్ల సిపాయిల మీద కలెక్టరుకు మొరపెట్టుకొని రక్షణ ఉత్తర్వు తెచ్చుకొన్నారు. పక్షుల రెట్టలు కలిసిన నీరు తమ పొలాలకు ఎరువని వారికి తెలుసు. అప్పటికి ఫోటో అన్నదే పుట్టలేదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అమరసింహుడు ఎర్రని ముక్కూ, ఎర్రని కాళ్లూ గల తెల్లని హంసను రాజహంస అన్నాడు. అది మన పులికాట్ పక్షి అవునా కాదా అన్న చర్చ అటుంచండి. ముక్కూ కాళ్లూ వేరువేరుగా పరికించినవాని మాట అది.

ఎంత దూరంలో ఆగాలో పక్షులే చెబుతాయి. తినడం మాని తలలెత్తినవంటే, అందరూ కలిసి ఒకే దిక్కుకు నడవసాగినవంటే, మీరు గీత దాటారన్నమాట. వెనుకకు రండి. వాహనంలోనే కూర్చొని ఓపిక పట్టండి.

నా పూర్వ విద్యార్థి ఒకడు అట్లాగే తీసిన చిత్రం పంపాడు. నీటిలో మునిగిన తల, బురద అంటిన కాళ్లు, చుట్టూ చిన్న అలల వలయం. దానిని ఒక పోటీకి పంపితే "చలనం లేదు" అని త్రిప్పివేశారట. ఆ పక్షి రెండు గంటలు తల ఎత్తకుండా తిన్నదని వ్రాశాడు.